కాలిన మచ్చకు సిలికాన్ షీటు: నిద్ర తిరిగొచ్చింది, ఎండాకాలం వచ్చేదాకా

కాలిన గాయం మానాక ఇంత దురద ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మరుగుతున్న నూనె ఎడమ ముంజేతి మీద పడి ఏడాది దాటింది. గాయం మూసుకోవడానికి మూడు వారాలకు పైనే పట్టింది. అంత ఆలస్యంగా మానిన చోట మచ్చ ఉబ్బే అవకాశం ఎక్కువని డాక్టరుగారు ముందే అన్నారు. అన్నట్టే ఎర్రగా, తాడు పేనినట్టు లేచింది. రాత్రిళ్ళు నిద్రలోనే గోకేసేదాన్ని. పొద్దున్నే దుప్పటి మీద రక్తపు మరకలు కనిపించేవి.

మచ్చ మీద అంటించుకునే మెత్తటి, జిగురున్న సిలికాన్ షీటు నాకు ముందు ఇచ్చింది నిద్ర. కొద్ది వారాలకే దురద బాగా దిగింది. అప్పటికి మచ్చ ఎత్తులో, రంగులో ఏ మార్పూ లేదు. అయినా సరే, ఆ ఒక్క మేలుకే ఇది నాకు ఎంతో విలువైన వస్తువైపోయింది.

ఇందులో మందేమీ లేదు. కొత్తగా వచ్చిన చర్మం తేమను నిలుపుకోలేదు, షీటు ఆ తేమను బయటికి పోనివ్వదు. తేమ నిలిస్తే లోపల కొలాజెన్ (మచ్చను గట్టిగా, ఎత్తుగా చేసే ప్రోటీను) అతిగా పేరుకోవడం తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. 1980ల మొదట్లోనే ఆస్ట్రేలియాలో కాలిన మచ్చలకు దీన్ని వాడారు. పుండు పూర్తిగా మూసుకున్నాకే అంటించాలి. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, నెలల తరబడి ఉంచాలి. రోజూ సబ్బునీళ్ళతో కడిగి గాలికే ఆరనివ్వాలి. టవలుతో తుడిస్తే నూగంతా పట్టి జిగురు పోతుంది.

మాది విజయవాడ. మార్చి వరకు ఏ ఇబ్బందీ రాలేదు. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి చాలాసేపు రాలేదు. సాయంత్రం షీటు తీసి చూస్తే కింద చర్మం నానిపోయి తెల్లగా పాలిపోయింది. అంచుల వెంట ఎర్రటి పొక్కులు, పైగా పుల్లటి వాసన. మళ్ళీ పుండు పడుతోందేమోనని హడలిపోయాను. మర్నాడు డాక్టరుగారు చూసి, "ఇది ఎలర్జీ కాదమ్మా, లోపల చెమట నిలిచిపోయింది. తగ్గేదాకా ఏమీ అంటించకు" అన్నారు. పొక్కులు తొందరగానే తగ్గాయి. కానీ షీటు మానేసిన ఆ కాస్త వ్యవధిలోనే దురద మళ్ళీ మొదలైంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే ఊళ్ళో రోజంతా ఒంటికి అంటించుకుని ఉండాల్సిన వస్తువు అమ్ముతూ, చెమట సంగతి పెట్టె మీద ఒక్క ముక్కైనా రాయకపోవడం నాకు చాలా కోపం తెప్పించింది.

ఇప్పుడు పగలు సిలికాన్ జెల్ వాడుతున్నాను. పొద్దున, సాయంత్రం పల్చగా రాసి ఆరనిస్తాను, బయటికెళ్తే దానిపైన సన్‌స్క్రీన్ రాస్తాను. షీటు రాత్రిపూట ఏసీ గదిలో మాత్రమే. దురద విషయంలో షీటంత గుణం జెల్‌లో నాకు కనిపించలేదు, కానీ పొక్కులు మళ్ళీ రాలేదు.

మచ్చ ఇప్పుడు మెత్తబడింది, ఎత్తు తగ్గింది, రంగు మాత్రం ఇంకా ముదురుగానే ఉంది. ఈ మార్పంతా షీటు వల్లేనని చెప్పలేను. కాలిన మచ్చలు ఏడాది, రెండేళ్ళలో వాటంతటవే కొంత అణుగుతాయి. పైగా నేను రోజూ క్రీము రాసి మర్దన కూడా చేసుకున్నాను. పరిశోధనలను సమీక్షించినవాళ్ళు కూడా షీటు పనిచేస్తుందనడానికి ఉన్న రుజువు బలహీనంగానే ఉందన్నారు.

నాది చదునుగా ఉన్న ముంజేయి, కూర్చుని చేసే ఉద్యోగం. పొయ్యి దగ్గరో పొలంలోనో పనిచేసేవాళ్ళకు జెల్ ఒక్కటే కుదురుతుందేమో. మోచేయి, మెడ, వేళ్ళ కీళ్ళ దగ్గర కాలినవాళ్ళు మాత్రం నా మాట విని షీటుతో సరిపెట్టుకోవద్దు. అక్కడ మచ్చ బిగిస్తే కీలు ముడుచుకుపోతుంది. స్ప్లింటు (కీలు ముడుచుకోకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ), వ్యాయామాలు, మచ్చను అదిమి ఉంచే బిగుతు తొడుగు గురించి ఫిజియోథెరపిస్టుతో వెంటనే మాట్లాడండి.