మడత చాకు కొనేముందు దాని లాక్ చూడండి: నా వేలికి ఐదు కుట్లు పడ్డాక చెబుతున్నాను

క్యాంపింగ్‌కి పనికొస్తుందని ఆన్‌లైన్‌లో మడత చాకు చూస్తున్నవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను చెప్పేది ముఖ్యంగా ఐదారు వందల రూపాయలకు అమ్మే రకం గురించి. నల్లటి బ్లేడు, పిడి చివర కారు అద్దం పగలగొట్టే మొన, పక్కన సీటుబెల్టు కోసే కొక్కెం, ఒక బాటిల్ ఓపెనర్, పెట్టె మీద "హంటింగ్ అండ్ సర్వైవల్" అని పెద్ద అక్షరాలు. అన్నీ ఉంటాయి. బ్లేడు మన వేళ్ళ మీదకు మడత పడకుండా ఆపాల్సిన లాక్ మాత్రం ఉండీ లేనట్టే ఉంటుంది. నా కుడిచేతి చూపుడు వేలికి పడ్డ ఐదు కుట్లు దాని పుణ్యమే.

మేం ముగ్గురు స్నేహితులం. వీలైనప్పుడల్లా వికారాబాద్ దగ్గర మా దోస్తు వాళ్ళ మామిడితోటలో టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉండి వస్తాం. అడవిలోకి వెళ్ళం, తోట గట్టు దాటం. మొదట్లో ఇంట్లో కూరగాయల కత్తినే న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారి అది కాగితం చీల్చుకుని బ్యాగులోంచి స్లీపింగ్ బ్యాగుకు కన్నం పెట్టింది. మడిచి జేబులో పెట్టుకునేదైతే ఈ బాధ ఉండదు కదా అనిపించి చాకు కోసం వెతికాను.

ఎంఆర్‌పీ 2,999 కొట్టేసి ఆఫర్లో 549కి కనబడింది. నాలుగు పైన స్టార్లు, వేలల్లో రివ్యూలు. పైనున్న మూడు చదివి ఆర్డర్ పెట్టేశాను. కుట్లు పడ్డాక, పని లేక, ఎడమచేత్తో కిందిదాకా స్క్రోల్ చేస్తూ కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. అందులో సగం రివ్యూలు చాకువి కావు. ఒకాయన "ఫోన్‌కి కరెక్టుగా సరిపోయింది" అన్నాడు. ఒకావిడ "రంగు వెలిసిపోయింది, మా అమ్మాయికి నచ్చలేదు" అని రాసింది. ఎప్పుడో వేరే వస్తువు అమ్మిన పాత పేజీలోనే ఈ చాకు ఫొటోలు పెట్టి, పాత స్టార్లను దీనికి తగిలించారన్నమాట. రివ్యూలను తేదీల వారీగా, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదివితే ఈ మోసం రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. నేను ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

మొదటి ట్రిప్పులో బాగానే ఉంది. ఉల్లిపాయలు కోశాం, తాడు కోశాం. టమాటాలు కోస్తుంటే బ్లేడు మీది నల్లపూత ముక్కలకు అంటుకుంది. కొత్తది కదా, రెండుసార్లు కడిగితే పోతుందిలే అనుకున్నాను. పూత ఊడడం అంటే పెయింట్ తింటున్నట్టేనని అప్పుడు తట్టలేదు.

రెండో ట్రిప్పులో కెటిల్ వేలాడదీయడానికి ఒక వేపకొమ్మకు గాడి కొడుతున్నాను. బ్లేడు చెక్కలో ఇరుక్కుంది. బయటికి లాగడానికి కొంచెం కిందకీ పైకీ ఆడించాను. ఎవరైనా అదే చేస్తారు. అలా ఆడించినప్పుడు బరువంతా బ్లేడు వెన్ను మీద, అంటే పదును లేని వైపు, పడుతుంది. వెన్ను మీద ఒత్తిడి పడ్డప్పుడు బ్లేడు మూసుకుపోకుండా ఆపడానికే లాక్ ఉన్నది. అది జారింది. చప్పుడు కూడా రాలేదు. నొప్పి కంటే ముందు పిడి తడిగా తగిలింది, ఆ తర్వాత చూసుకున్నాను.

ఒకడు కాఫీ పొడి కోసం పరిగెత్తాడు. మా దోస్తు వాళ్ళ నాయిన వాణ్ణి కసిరి ఆపాడు. "పొడీ వద్దు, పసుపూ వద్దు. తెల్ల తువ్వాల తే. గట్టిగ ఒత్తిపట్టు, చెయ్యి పైకి లేపు." డెబ్భై ఏళ్ళ మనిషి, జీవితమంతా కొడవలితో పనిచేసినవాడు. పది నిమిషాలు తువ్వాలు తీసి చూడనివ్వలేదు. తర్వాత బండిలో ఆసుపత్రికి వెళితే కుట్లు వేసి టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. నరం తెగలేదు. వేలి కొసలో మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దుతనం ఉంది.

మర్నాడు పొద్దున ఆ పెద్దాయన చాకును చేతిలోకి తీసుకుని తెరిచాడు. వేళ్ళు అడ్డం రాకుండా పిడిని రెండు పక్కలా పట్టుకుని, బ్లేడు వెన్నును పొయ్యి దగ్గరున్న కట్టెకు ఆనించి నెమ్మదిగా ఒత్తాడు. మడత పడిపోయింది. మళ్ళీ తెరిచి ఒత్తాడు, మళ్ళీ పడింది. "దీన్కి మెడల బలమే లేదు బిడ్డా. గిది ఎవడమ్మిండు నీకు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అమ్మినవాడి పేరు పెట్టె మీదే లేదు.

ఇంటికొచ్చాక స్క్రూలు విప్పి చూశాను. దీంట్లో ఉన్నది లైనర్ లాక్. పిడి లోపల ఒక పక్కన సన్నటి ఇనుప పట్టీ ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ పట్టీ స్ప్రింగులా పక్కకు జరిగి బ్లేడు మడమ, అంటే పిడిలో ఉండే దాని మొదలు, వెనక అడ్డంగా నిలబడుతుంది. మళ్ళీ మూయాలంటే బొటనవేలితో పట్టీని పక్కకు నెట్టాలి. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు, మంచి చాకుల్లోనూ ఇదే ఉంటుంది. కాకపోతే పట్టీ మందంగా ఉండాలి, బ్లేడు మడమను సరైన వాలులో అరగదీయాలి, రెండూ నిండుగా ఆనాలి. నా చాకులో పట్టీ రేకంత పల్చగా ఉంది. మడమ మీద ఒక మూలకు గోరంత మేర ఆనుతోంది, అంతే. ఆ మూల కూడా రెండు ట్రిప్పులకే అరిగి మెరుస్తోంది.

కాబట్టి చాకు చేతికొచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, దీన్ని చూడండి. బ్లేడు పూర్తిగా తెరిచి, పిడిలోకి పైనుంచి తొంగిచూడండి. ఆ పట్టీ బ్లేడు మడమ మందంలో కనీసం పావు వంతు లోపలికి వచ్చి ఆనాలి. అంచు మీద తేలుతూ ఉంటే వెనక్కి పంపేయండి. అలాగని పూర్తిగా అవతలి గోడకు తగిలేదాకా వెళ్ళిపోయినా మంచిది కాదు, ఇక అరిగితే జరగడానికి చోటు మిగలదు. తర్వాత బ్లేడును కిందకీ పైకీ కదిపి చూడండి. పక్కలకు వెంట్రుకంత ఆడితే స్క్రూ బిగిస్తే సరిపోవచ్చు. కిందకీ పైకీ ఆడితే అది లాక్ లోపమే, స్క్రూతో పోదు. ఆఖరున మా పెద్దాయన చేసిన పని చేయండి. పిడి చుట్టూ వేళ్ళు చుట్టకుండా రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకుని, వెన్నును చెక్కకు ఆనించి ఒత్తాలి. సుత్తితో కొట్టినట్టు బాదకండి, అలా బాదితే మంచి లాకూ పాడవుతుంది. మూసినప్పుడు కూడా ఒకసారి తలకిందులుగా పట్టుకుని విదిలించండి. బ్లేడు దానంతటదే బయటికొస్తే అది జేబులో పెట్టుకునే వస్తువు కాదు. బటన్ నొక్కితే స్ప్రింగుతో టప్పున తెరుచుకునేవి నేనైతే అసలు వద్దంటాను. జేబులో తెరుచుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక ఉక్కు. బ్లేడు మీద "స్టెయిన్‌లెస్" అని మాత్రమే ఉంటే ఆ మాటకు అర్థం లేనట్టే. నా దాని మీద "440" అని ఉక్కు రకం నంబరు ఉంది. పక్కన ఏ, బీ, సీ ఏదీ లేదు. 440సీ అయితే సుమారు ఒక శాతం కార్బన్ ఉండి పదును బాగా నిలుస్తుంది, 440ఏలో అంతకంటే తక్కువ. అక్షరం ఎగ్గొట్టారంటే ఏదో దాస్తున్నారనే అనుకోవాలి. ఇది 440 ఏదైనా అవునో కాదో కూడా నాకు నమ్మకం లేదు. ఒక పది అడుగుల నైలాన్ తాడు ముక్కలు చేసేసరికి టమాటా తొక్క కూడా తెగలేదు. మంచి కంపెనీలు ఉక్కు పేరు పూర్తిగా చెబుతాయి. డీ2 అనే ఉక్కు పేరు కనబడితే పదును బాగా నిలుస్తుంది గానీ అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఇంకోటి, మన ఇళ్ళల్లో అయస్కాంతం అతుక్కుంటే స్టీలు కాదంటారు. అది గిన్నెలకు చెల్లుతుందేమో గానీ కత్తులకు చెల్లదు. గట్టిపరిచిన కత్తి ఉక్కు స్టెయిన్‌లెస్ అయినా అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఆ పరీక్ష చేసి మంచి చాకును వెనక్కి పంపకండి.

"హంటింగ్" అన్న మాట చూసి మోజుపడేవాళ్ళకు రెండు మాటలు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును వేటాడినా నేరమే. మరి ఆ మాట మనకెందుకు? పైగా ఆ చట్టంలో ఆయుధం అన్న మాట కిందికి కత్తులు కూడా వస్తాయి, అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళకూడదు. అమ్రాబాద్, కవ్వాల్, పాపికొండల వైపు వెళ్ళేవాళ్ళు ముందు అటవీశాఖ వాళ్ళను అడిగి కనుక్కోండి. ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడ్ల గురించి మాట్లాడతాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మన మూడు మూడున్నర అంగుళాల చాకు ఆ లెక్కలోకి రాదు. విమానంలో మాత్రం చేతి బ్యాగులో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గరే పోతుంది, చెకిన్ లగేజీలోనే వేయాలి.

నిజంగా వేటకు వెళ్ళే మనవాళ్ళు లేకపోలేదు. మా బావ టెక్సాస్‌లో లైసెన్స్ తీసుకుని సీజన్లో జింకల వేటకు వెళతాడు. ఫోన్లో నా వేలు చూపించి అడిగితే నవ్వి, చర్మం ఒలిచే పనికి తను మడత చాకు వాడనే వాడనన్నాడు. కొవ్వూ రక్తమూ మడత సందులోకి దూరితే కడగడం నరకమట. ఒరలో పెట్టుకునే మడవని కత్తి తీసుకెళతాడట. జేబులో మటుకు 1964 నుంచి వస్తున్న బక్ 110 అనే మడత చాకు ఉంచుకుంటాడు. దానికి లాక్ వెన్ను వైపు ఉంటుంది, చాలా గట్టిది. బరువే 200 గ్రాములు, లుంగీలో దోపితే లుంగీ జారుతుందని వాడి జోకు.

ఫిర్యాదు సంగతి. సంఘటన జరిగింది డెలివరీ అయిన 23వ రోజున. రిటర్న్ గడువు 7 రోజులు. అమ్మినవాడు మొదట "మిస్‌యూజ్" అన్నాడు. కొమ్మకు గాడి కొట్టడం మిస్‌యూజ్ అయితే, వాడి ప్రకటన ఫొటోలో ఒకడు దుంగ చీలుస్తున్నాడు, అదేమిటో మరి. ఆ ఫొటో స్క్రీన్‌షాట్ పంపాక వంద రూపాయల కూపన్ ఇస్తానన్నాడు. అప్పుడు అమ్మకపు సైటు గ్రీవెన్స్ అధికారికి రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు వాళ్ళు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి నమోదు చేయించాను. నాకు బాగా పనికొచ్చింది ఖాళీ పెట్టె. దాని మీద దిగుమతిదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు, నెలా సంవత్సరం లేవు. ప్యాకెట్ మీద ఇవన్నీ ఉండాలి. మీరు కూడా పెట్టెను చెత్తలో పారేయకండి, విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. కూపన్ మాట పోయి ఇప్పుడు 549 పూర్తిగా తిరిగిస్తామంటున్నారు. ఆసుపత్రి ఖర్చు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళతాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు.

మరి ఏది కొనాలి అని అడిగితే, మడత చాకే కావాలనుకుంటే ఓపినెల్ అనే బ్రాండు లాంటిది చూడండి. చెక్క పిడి, మెడ దగ్గర ఒక ఉంగరం ఉంటుంది, తిప్పితే బ్లేడు బిగుస్తుంది. లాక్ పడిందో లేదో కంటికి కనబడుతుంది. 8వ నంబరు దాని బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మన వంటకు చాలు. కార్బన్ రకం తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ రకం అడిగి తీసుకోండి. దాన్నైనా నకిలీ కాదని తేలిన చోటే కొనండి. నా వరకు నేను మడతల జోలికే పోవడం మానేశాను. పోయిన అంగడిలో ఆ పెద్దాయన కమ్మరి దగ్గర నాలుగంగుళాల కత్తి చేయించి పంపాడు. పాత లారీ స్ప్రింగు పట్టీ ముక్క, తుమ్మ పిడి, తోలు ఒర, అన్నీ కలిపి 350. వాడాక తుడిచి కాస్త నూనె రాయమన్నాడు, లేకపోతే మర్నాటికి ఎర్రబడుతుందట. ఎడమచేత్తో వాడడం అలవాటు చేసుకుంటున్నాను, కుడివేలు వంగడానికి ఇంకో రెండు వారాలు పడుతుందన్నారు.