డ్రూపల్ వ్యూస్‌లో సొంత ఫీల్డ్ హ్యాండ్లర్: లెక్క సులువే, సార్టింగే తంటా

డ్రూపల్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో డేటాను జాబితాలుగా చూపేది వ్యూస్; ఆ జాబితాలో మనకు కావలసిన కాలమ్ మనమే రాసుకోగలగడం నిజంగా హాయి. భీమవరం వైపు రొయ్యల చెరువుల జాబితాలో ఎఫ్‌సీఆర్ (కిలో పట్టుబడికి ఖర్చయిన మేత) చూపించాలంటే ఫీల్డ్‌ప్లగిన్‌బేస్ అనే బేస్ క్లాసు నుంచి ఒక క్లాసు (అదే ఫీల్డ్ హ్యాండ్లర్), వ్యూస్ డేటాలో దాని ఐడీ, రెండర్‌లో నాలుగు లైన్లు చాలు. వరుసతో పాటే ఎంటిటీ, అంటే ఆ చెరువు రికార్డు, లోడై వస్తుంది. 25 కిలోల మేత బస్తాలు 60, పట్టుబడి 1000 కిలోలు అయితే ఎఫ్‌సీఆర్ 1.5. డేటాబేసులో ఆ కాలమ్ లేదు కాబట్టి క్వెరీ మెథడ్ (డేటాబేసును అడిగే భాగం) ఖాళీగా వదిలేస్తాం.

రైతు ముందు చూసేది ఏ చెరువు మేత ఎక్కువ తింటోందన్నది. అందుకని టేబుల్ సెట్టింగుల్లో సార్టబుల్ టిక్ పెడతాం. హెడర్ నొక్కగానే ‘అన్‌నోన్’ అనే కాలమ్ దొరకలేదంటూ పేజీ ఆగిపోతుంది. ఫీల్డ్ ఎలియాస్‌కి (క్వెరీలో ఆ కాలమ్‌కి ఉండే పేరు) బేస్ క్లాసు మొదట ఇచ్చే విలువే అది. క్వెరీ ఖాళీ అయితే దాన్ని మార్చేవాడు ఉండడు, క్వెరీలో సార్టింగ్ చెప్పే ఆర్డర్ బైలోకి అదే వెళ్తుంది. పైగా క్లిక్ సార్టబుల్ సంగతి మనం చెప్పకపోతే ‘అవును’ అనే లెక్క. ‘కాదు’ అని ఉండాల్సింది!

క్లిక్ సార్టబుల్‌కి ఫాల్స్ అని పెడితే ఎర్రర్ పోతుంది, దాంతో పాటు సార్టింగూ పోతుంది. పీహెచ్‌పీలో సార్ట్ చేస్తే, జాబితాను పేజీలుగా విడగొట్టే పేజర్ ఉన్నచోట ఆ పేజీలోని వరుసలే మారతాయి. సరైన దారి క్వెరీలోనే ఉంది: మేత, పట్టుబడి ఫీల్డుల టేబుళ్లను ఎన్‌ష్యూర్‌టేబుల్‌తో కలిపి, యాడ్‌ఫీల్డ్‌కి టేబుల్ స్థానంలో నల్ ఇచ్చి భాగహారం ఫార్ములా రాయాలి. అది తిరిగిచ్చే పేరును ఫీల్డ్ ఎలియాస్‌లో పెడితే సార్టింగ్ దానంతటదే నడుస్తుంది. ఇంకా పట్టుబడి కాని చెరువు కోసం హారానికి నల్‌ఇఫ్ (సున్నా అయితే నల్ ఇచ్చేది) తగిలించాలి.

ఇదీ అన్ని చెరువులకూ కుదరదు. పట్టుబడి రెండు విడతల్లో జరిగి, ఆ ఫీల్డు మల్టిపుల్ (ఒకటికి మించి విలువలు పట్టేది) అయితే టేబుళ్లను కలిపే జాయిన్ వల్ల ఒకే చెరువు రెండుసార్లు వస్తుంది, రెండిట్లోనూ ఎఫ్‌సీఆర్ తప్పే. భాగఫలాలు వేరు కాబట్టి నకలు వరుసలు తీసేసే డిస్టింక్ట్ పెట్టినా పోదు. అక్కడ ప్రీసేవ్‌లో, అంటే రికార్డు సేవ్ అయ్యే ముందే, లెక్కకట్టి మామూలు డెసిమల్ ఫీల్డులో దాస్తే సొంత హ్యాండ్లర్ అవసరమే ఉండదు. పాత రికార్డులన్నీ మాత్రం ఒకసారి మళ్లీ సేవ్ చెయ్యాలి. ఒకే విడత పట్టుబడి, చిన్న జాబితా అయితే నా ఓటు ఇప్పటికీ ఫార్ములా హ్యాండ్లర్‌కే.