న్యూమా లెక్కలు: నడవనివ్వాలా, ఆపేయాలా?

రెండు సాకెట్ల (అంటే రెండు ప్రాసెసర్లు అమర్చిన) సర్వర్‌లో ప్రతి ప్రాసెసర్‌కీ తన పక్కనే కొంత మెమరీ ఉంటుంది. ఆ జంటనే నోడ్ అంటాం. అవతలి నోడ్ మెమరీ కూడా వాడుకోవచ్చు, కాకపోతే వెళ్లిరావడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈ అమరికనే న్యూమా అంటారు. అందుకే లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల భాగం) ఒక పేజీ, అంటే చిన్న మెమరీ ముక్క, ఇచ్చిన ప్రతిసారీ ఎక్కడి నుంచి ఇచ్చిందో లెక్క రాసుకుంటుంది. 2018 జనవరిలో వచ్చిన 4.15 వెర్షన్ నుంచి ఈ లెక్కను ఆపే వీలుంది. న్యూమా స్టాట్ అనే సెట్టింగ్ మామూలుగా 1 ఉంటుంది, 0 రాస్తే లెక్క ఆగుతుంది.

ఆపాలనే వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. వేగమైన నెట్‌వర్క్ కార్డులున్న మెషీన్లలో కెర్నల్ క్షణం తీరిక లేకుండా పేజీలు ఇస్తూ, వెనక్కి తీసుకుంటూ ఉంటుంది. అలాంటి దారిలో ఒక్క కౌంటర్ పెంచడమూ భారమే. పైగా అప్పట్లో ఒక్కో కోర్ తన దగ్గర కొంత పోగయ్యాక ఉమ్మడి లెక్కలో కలిపేది. ఆ లెక్క ఉండే ఒక్క క్యాష్ లైన్ (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే చిన్న మెమరీ ముక్క) కోసం కోర్లన్నీ పోటీపడేవి. కానీ 2021లో వచ్చిన 5.14లో ఆ పద్ధతి మారింది. ఇప్పుడు ఏ కోర్ లెక్క ఆ కోర్ పెంచుకుంటుంది, మనం చదివినప్పుడే కెర్నల్ మొత్తం కలుపుతుంది. దాంతో ఆపడం వల్ల మిగిలేది బాగా తగ్గింది.

ఇక ఉంచుకుంటే ఏమొస్తుంది? ఒకసారి నేను చూసుకునే డేటాబేస్ మెషీన్ రాత్రిపూట నెమ్మదించేది. సీపీయూ బాగానే ఉంది, డిస్క్ బాగానే ఉంది, ఖాళీ మెమరీ కూడా కనిపిస్తోంది. పది సెకన్ల తేడాతో రెండుసార్లు కౌంటర్లు చదివాను. సున్నా నోడ్‌లో ఫారిన్ (ఇక్కడ అడిగితే వేరే నోడ్ ఇచ్చినవి), ఒకటో నోడ్‌లో మిస్ (వేరే నోడ్‌లో అడిగితే ఇక్కడి నుంచి ఇచ్చినవి) కలిసి పెరుగుతున్నాయి. అంటే సున్నా నోడ్‌లో అడిగిన పేజీలు ఒకటో నోడ్ నుంచి వస్తున్నాయన్నమాట. బ్యాకప్ చదివిన ఫైళ్ల క్యాష్ సున్నా నోడ్‌ను నింపేసింది. ఆ రెండు అంకెలు లేకపోతే ఇంకెన్ని రాత్రులు టెన్షన్ పడేవాడినో!

అలాగని ఈ లెక్కలు అన్నీ చెప్పవు. పేజీ ఇచ్చిన క్షణాన్నే చూస్తాయి. తర్వాత ప్రోగ్రామ్ థ్రెడ్ అవతలి సాకెట్‌కి మారి, అక్కడి నుంచి దూరపు మెమరీ చదువుతున్నా, హిట్ (అడిగిన నోడ్ నుంచే ఇచ్చిన పేజీ) హిట్‌గానే ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మాత్రం 0 రాశాక కనిపించే సున్నాలు. అప్పటిదాకా పోగైన లెక్కలు కూడా చెరిగిపోతాయి. సెట్టింగ్ సంగతి తెలియని మనిషి మిస్ సున్నా అని చూసి మెమరీలో ఏ ఇబ్బందీ లేదనుకుంటాడు.

నా మట్టుకు 1 మేలు. పేజీలు ఇచ్చే దారే అడ్డంకి అని పెర్ఫ్ అనే కొలిచే టూల్‌తో కొలిచి తేల్చుకున్న మెషీన్‌లోనే 0 పెడతాను. పెట్టిన రోజే మానిటరింగ్‌లో ఆ గ్రాఫులు తీసేస్తాను.