అంబాజీపేట నుంచి డాలస్‌కి మూడు ప్రయాణాలు

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. 2018 నుంచి ఇప్పటికి నేనూ మావారూ మూడుసార్లు వెళ్లొచ్చాం, మూడుసార్లూ వేర్వేరు విమానాల్లో. మా అంబాజీపేటలో, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి కూతురికో కోడలికో అక్కడ పురుడు వస్తోందంటే చాలు, "టీచర్‌గారూ, ఏ ఫ్లైటు మంచిదండీ?" అని నా దగ్గరికి వస్తున్నారు. గుమ్మంలో నిలబడి చెబితే సగమే చెప్పగలుగుతున్నాను. మిగతా సగం కూడా తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

టికెట్ మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఇన్ని గంటలు అని వేస్తారు. అది హైదరాబాద్ వాళ్ల లెక్క. కోనసీమ వాళ్ల లెక్క ఇంటి గేటు దగ్గర మొదలవుతుంది. ఇక్కణ్ణుంచి షంషాబాద్‌కి 400 కిలోమీటర్ల పైమాటే. కారులో ఎనిమిది తొమ్మిది గంటలు. విమానం టైముకి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. గల్ఫ్ మీదుగా వెళ్లేవి చాలావరకు తెల్లవారుజామున బయల్దేరతాయి. అంటే విమానం ఎక్కేసరికే ఒక రాత్రి నిద్ర పోతుంది. ఆ తర్వాత ఇరవై గంటల పైన ప్రయాణం. అరవై దాటినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అందుకే కంపెనీ పేరు, టికెట్ ధర తర్వాత చూస్తాను. హైదరాబాద్‌లో ఎన్నింటికి బయల్దేరుతుంది, మధ్యలో ఎన్నిచోట్ల దిగాలి అన్నవే ముందు చూస్తాను.

హైదరాబాద్‌కి మొదటిసారి రైల్లో వెళ్లాం. చించినాడ వంతెన దాటి పాలకొల్లులో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బెర్తు మీద నడుం వాల్చగలిగాం, అంతవరకు బాగుంది. కానీ 23 కిలోల పెట్టెలు నాలుగు, రెండు చేతిసంచులు. ఎక్కించడానికి మా తమ్ముడి కొడుకులు వచ్చారు. దిగేచోట ఎవరున్నారు? రెండోసారి రాజమండ్రి నుంచి విమానంలో వెళ్లమన్నాడు అబ్బాయి. అక్కడి మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి గంట ప్రయాణమే. కానీ ఆ టికెట్ విడిగా కొంటే సాధారణంగా మనిషికి 15 కిలోలే పంపనిస్తారు. అమెరికా టికెట్ మీద మాకు 46 కిలోలు. తేడాకి డబ్బు కట్టాలి. పైగా రెండు టికెట్లు వేర్వేరైతే, మధురపూడిలో విమానం ఆలస్యమై అమెరికా విమానం తప్పిపోయినా ఆ రెండో కంపెనీకి సంబంధం ఉండదు. ఆ భయంతో మానేశాం.

చివరికి కుదిరింది కారే. తెల్లారకుండా బయల్దేరి రావులపాలెం, సిద్ధాంతం వంతెన, తణుకు, ఏలూరు, విజయవాడ దాటి సూర్యాపేటలో భోజనం చేశాం. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి వెళ్లకుండా నేరుగా షంషాబాద్ వచ్చేస్తుంది.

ఆ రాత్రి బస గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. నిజాంపేటలో మా ఆడపడుచు ఇల్లుంది. మొదటిసారి అక్కడే దిగాం. ఆవిడ ప్రేమగా నాలుగు కూరలు వండింది, చుట్టాలందరూ చూడ్డానికి వచ్చారు, కబుర్లు తేలేసరికి పదకొండయింది. ఒంటిగంటకి మళ్లీ లేచి అంత దూరం ఎయిర్‌పోర్టుకి పరుగు. తర్వాత రెండుసార్లూ షంషాబాద్ దగ్గరే హోటల్ గది తీసుకున్నాం. సాయంత్రం ఆరింటికే ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని పడుకుంటే అర్ధరాత్రి దాకా నిద్ర పట్టింది. "వచ్చేటప్పుడు మీ ఇంట్లోనే రెండ్రోజులుంటాం వదినా" అని ముందే ఫోన్ చేసి చెప్పాను. అలాగే ఉన్నాం కూడా. తిరుగు ప్రయాణంలో ఆ రెండ్రోజులూ ఒంటికి కూడా అవసరమే. అమెరికా నుంచి దిగిన రోజే మళ్లీ తొమ్మిది గంటలు కారెక్కకండి.

ఇక విమానాలు. 2018లో టికెట్ పాతికవేలు తక్కువకి వస్తోందని మధ్యలో రెండుచోట్ల దిగే విమానం తీసుకున్నాం. కంపెనీ పేరు అనవసరం. మొదట దిగినచోట పదకొండు గంటలు కూర్చోవాలి. పడుకోవడానికి చోటు లేదు. కుర్చీల మధ్య ఇనప చేతులుంటాయి, వాటి మీద ఒరగడం కూడా కుదరదు. మావారికి శాకాహార భోజనం చెప్పాం. మొదటి విమానంలో ఇచ్చారు, రెండోదానిలో లిస్టులో పేరే లేదన్నారు. ఆయన బన్ను, పండు తిని పదమూడు గంటలు గడిపారు. షుగర్ మనిషి. డాలస్‌లో దిగి బూట్లు వేసుకోబోతే పాదం దూరలేదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. అది చూసి మా అబ్బాయి ముఖం వాడిపోయింది. ఆ పాతికవేలు మిగిల్చుకున్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఆ దెబ్బతో నేర్చుకున్న పని ఒకటుంది. టికెట్ తీయగానే ప్రతి విమానానికీ విడివిడిగా భోజనం నమోదైందో లేదో చూడాలి. కనీసం 24 గంటల ముందే చెప్పాలి. ఏషియన్ వెజిటేరియన్ అని అడిగితే మన అన్నం, పప్పు, కూర లాంటివి వస్తాయి. ఉత్త వెజిటేరియన్ అంటే కొన్నిచోట్ల ఉడికించిన కూరముక్కలు పెడతారు. షుగర్ వాళ్లకి వేరే భోజనం ఉంది, కానీ చప్పగా ఉంటుంది. మావారు అది రెండు ముద్దలు తిని పక్కన పెట్టారు. మందులు మాత్రం పెద్ద పెట్టెలో వేయకండి. ఇన్సులిన్, బీపీ మాత్రలు, డాక్టరు చీటీ అన్నీ చేతిసంచిలోనే ఉండాలి. టైము మారినప్పుడు ఏ డోసు ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టరునడిగి కాగితం మీద రాయించుకోండి.

2022లో దుబాయ్ మీదుగా ఎమిరేట్స్. అక్కడ మూడున్నర గంటలు ఆగాం, కాళ్లు సాగేలా నడవడానికి సరిపోయింది. దుబాయ్ నుంచి డాలస్ ఒకే బిగిన పదహారు గంటలు. తెర మీద తెలుగు సినిమాలున్నాయి, మావారు మూడు చూశారు. విమానం బోయింగ్ 777, వరసకి పది సీట్లు: మూడు, నాలుగు, మూడు. ఇక్కడ భార్యాభర్తలు ఎక్కడ కూర్చోవాలన్నది చాలా ముఖ్యం. కిటికీ వైపు మూడింట్లో కూర్చుంటే అంచున ఉన్న కొత్త మనిషిని లేపకుండా బాత్రూముకి వెళ్లలేం. మధ్య నాలుగింట్లో అంచు సీటు, దాని పక్కది తీసుకుంటే మనవాళ్లనే లేపుకుని వెళ్లొచ్చు. కొన్ని 777లలో చివరి రెండు మూడు వరసల్లో కిటికీ పక్కన రెండే సీట్లుంటాయి. అవి దొరికితే ఇద్దరికే సొంతం. బాత్రూములు దగ్గర్లో ఉంటాయి కాబట్టి అలికిడి మాత్రం తప్పదు.

ఆ ప్రయాణంలోనే షంషాబాద్ కౌంటర్ దగ్గర మా పెట్టె తెరిపించారు. లోపల పది కురిడీ కొబ్బరికాయలు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే గుణం ఉందని అదే సంవత్సరం నిషేధించిన సామాన్ల జాబితాలో చేర్చారు. మాకు తెలియదు. మనవరాలి కోసం స్వయంగా ఎంచి పెట్టిన కాయలు. తీసి బల్ల మీద పెడుతుంటే ప్రాణం ఉసూరుమంది. మన వైపు వాళ్లందరూ కొబ్బరి పెడతారు కాబట్టి మరీ మరీ చెబుతున్నాను, కురిడీలు వద్దు. కొబ్బరి ఉండలు చేసి తీసుకెళ్లండి. ఆత్రేయపురం పూతరేకులు డబ్బాలో సర్ది చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో పొడైపోతాయి. ఆవకాయ పెద్ద పెట్టెలోనే వెళ్లాలి. కోడి పచ్చడి, మాంసం పచ్చడి, పచ్చి పళ్లు అమెరికాలోకి రానివ్వరు. పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. 2025 అక్టోబరు నుంచి ఎమిరేట్స్‌లో దాన్ని విమానంలో వాడనివ్వడం లేదు కూడా.

2024లో దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్. మూడింటిలోకీ నాకు హాయిగా అనిపించింది ఇదే. దానికి కారణం విమానమే అనుకుంటున్నాను. మాకు తగిలింది ఎయిర్‌బస్ ఎ350. వరసకి తొమ్మిదే సీట్లు, కాస్త వెడల్పు. ఈ విమానంలోనూ, బోయింగ్ 787లోనూ లోపలి గాలి ఒత్తిడి ఆరువేల అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. పాత రకాల్లో ఎనిమిదివేల అడుగుల దాకా వెళ్తుంది. ఆ తేడా నాకు తలనొప్పి రాకపోవడంలో తెలిసింది. అందుకే టికెట్ తీసేటప్పుడు విమానం రకం కూడా చూడమంటాను. దోహాలో డబ్బు కట్టకుండానే పడుకోగలిగే నిశ్శబ్ద గదులున్నాయి, ఆడవాళ్లకి వేరుగా. వాలు కుర్చీలో రెండు గంటలు నిద్రపోయాను.

హైదరాబాద్ నుంచి దోహా వరకు నా పక్కన రాజోలు వైపు అమ్మాయి కూర్చుంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్తోంది, విమానం ఎక్కడం అదే మొదలు. పాస్‌పోర్టు, వీసా కాగితం ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెకి హత్తుకుని పట్టుకుంది. బెల్టు పెట్టుకోవడం చూపించాను. పైకి లేచేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "దోహాలో దిగాక నేనెటెళ్లాలండీ అమ్మా?" అని నాలుగుసార్లు అడిగింది. దిగాక ఆమె గేటు దాకా మేమిద్దరం తీసుకెళ్లాం. గల్ఫ్ విమానాల్లో మన జిల్లా ఆడపిల్లలు ఇలా ఎంతమందో. పక్కన కనిపిస్తే గేటు నంబరు చూసి పెట్టండి, వాళ్లకి అదే కొండంత అండ.

మా వియ్యపురాలు అదే ఏడాది లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లింది. హైదరాబాద్ నుంచి ఆ సర్వీసు 2024 జనవరిలో మొదలైంది. గల్ఫ్ మీదుగా అయితే నాలుగు గంటలు, పదహారు గంటలు. యూరప్ మీదుగా అయితే ప్రయాణం దాదాపు సగం సగంగా, పదేసి గంటల చొప్పున విడిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న ఆవిడకి అదే నయమనిపించింది. ఇంకో సంగతి, యూరప్ నుంచి బయల్దేరే విమానాలకీ, యూరప్ కంపెనీల్లో అక్కడికి వెళ్లేవాటికీ ఒక చట్టం వర్తిస్తుంది. గమ్యానికి మూడు గంటలు, అంతకుమించి ఆలస్యమై, తప్పు కంపెనీదైతే ఇంత దూరానికి 600 యూరోల వరకు పరిహారం అడగొచ్చు. మా మరిది న్యూయార్క్‌కి ఎతిహాద్‌లో వెళ్లాడు. అబుదాబిలోనే అమెరికా ఇమ్మిగ్రేషన్ పూర్తి చేస్తారు. పిల్లలు ఎదురుచూస్తుంటే అక్కడ దిగి గంటలకొద్దీ లైన్లో నిలబడే బాధ లేదు. ఇంగ్లీషు ప్రశ్నలంటే భయపడేవాళ్లకి ఆ టెన్షన్ కూడా ముందే తీరిపోతుంది. ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియాలో ఎక్కడా ఆగకుండా కొన్ని అమెరికా నగరాలకి వెళ్లొచ్చు. కానీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూశాక దారి చుట్టు తిరిగి గంటలు పెరిగాయి.

వీల్‌చైర్ అంటే మావారికి మొదట నామోషీ. "నేను నడవగలను కదే" అన్నారు. నడవగలరు, కానీ ఆ ఎయిర్‌పోర్టుల్లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి కిలోమీటరు పైనే ఉంటుంది. రెండోసారి నుంచి బుకింగ్‌లోనే రాయించాం. తోసేవాళ్లకి పాస్‌పోర్టు ఇచ్చినా వెంటనే తిరిగి తీసుకుని మన చేతిలో పెట్టుకోవాలి. నేను మాత్రం అడగలేదు. భాష రాదనే భయంతో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు. దానివల్ల నిజంగా నడవలేనివాళ్లు అరగంట కాచుకోవడం కళ్లారా చూశాను.

కదలకుండా నాలుగు గంటలు దాటి కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మొత్తమ్మీద చూస్తే అది చాలా కొద్దిమందికే వస్తుంది, కానీ వయసు, లావు, పాత ఆపరేషన్లు ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. డాక్టరునడిగి మావారికి బిగుతు మేజోళ్లు కొన్నాం. ప్రతి సినిమా మధ్యలో లేపి వెనక దాకా నడిపించాను. మూడోసారి డాలస్‌లో దిగేసరికి అవే బూట్లు తేలిగ్గా వేసుకున్నారు. లోపల గాలి బాగా పొడిగా ఉంటుంది, గంటకోసారి కాసిని నీళ్లు తాగాలి. పెదాలు పగలకుండా చిన్న సీసాలో మన గానుగ కొబ్బరినూనె పట్టుకెళ్లాను. 100 మిల్లీలీటర్ల లోపు సీసా అయితే చేతిసంచిలో రానిస్తారు. ఉంగరాలు, బిగుతు గాజులు ఇంటి దగ్గరే తీసేయండి.

మా చెల్లెలు ఏప్రిల్‌లో చికాగో వెళ్తోంది, వాళ్లాయనకి మోకాలి ఆపరేషన్ అయి ఏడాది. అబుదాబి మీదుగా, మధ్యలో మూడు గంటలకి తగ్గకుండా చూడమన్నాను. టికెట్ ఇంకా తీయలేదు. తీసిన రోజున ఫోన్ చేస్తే, భోజనం, వీల్‌చైర్ రెండు విమానాలకీ నమోదయ్యాయో లేదో నేనే కూర్చుని చూసి పెడతాను.