తొమ్మిదేళ్లు, పదిహేడు రిపోర్టులు: హెపటైటిస్ బి రక్తపరీక్షలతో నా అనుభవం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. 2016లో మా బావకు ఆపరేషన్ అంటే రక్తం ఇచ్చి వచ్చాను. నాలుగు రోజులకు బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్. "ఒకసారి వచ్చి కలవండన్నా, ఫోన్లో చెప్పేది కాదు" అన్నారు. దాతలు ఇచ్చిన ప్రతి రక్తానికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయడం తప్పనిసరి. కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ నా రక్తంలో ఉన్నట్టు అలా బయటపడింది. అప్పటిదాకా నాకు కామెర్లు వచ్చింది లేదు, కడుపునొప్పి లేదు. బస్తాలు లెక్కపెడుతూ ఎండలో రోజంతా నిలబడే మనిషిని.

అప్పట్నుంచి ఆరు నెలలకోసారి రక్తం ఇస్తూనే ఉన్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఒకటి తప్పింది. ఇన్నేళ్లలో ఏ పరీక్ష దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు, ఏ అంకె చూసి అనవసరంగా టెన్షన్ పడ్డాను అన్నది ఇక్కడ రాస్తున్నా. ఇప్పుడే రిపోర్టు చేతికొచ్చి కాళ్లు వణుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం.

మొదటిది కార్డు టెస్ట్. రక్తం చుక్క వేస్తే పావుగంటలో గీతలు వస్తాయి, రెండు గీతలంటే పాజిటివ్. చవక, తొందరగా తేలుతుంది. మొదటిసారి తెలుసుకోవడానికి మంచిదే. కానీ దాని ఒక్కదాని మీద ఆగిపోవద్దు. ఎలైసా అనే ల్యాబ్ పద్ధతితోనో, పెద్ద మిషన్ మీదో హెచ్‌బీఎస్‌ఏజీ, అంటే వైరస్ పైపొర ప్రోటీన్ రక్తంలో ఉందా అని చూసే పరీక్ష, మళ్లీ చేయించుకోవాలి. మిషన్ రిపోర్టులో 'రియాక్టివ్' అన్న మాట పక్కన ఒక అంకె ఉంటుంది. నాది మూడు వేల పైచిలుకు వచ్చింది. అది చూసి వైరస్ అంత ఉందేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు. అది వైరస్ లెక్క కాదని డాక్టరు గారు చెప్పారు. ఆ పరీక్షలో ఉంది, లేదు అన్నంతవరకే చూసుకోవాలి.

ఈ మొదటి రోజుల్లోనే ఒక చేదు అనుభవం. ఒక ల్యాబ్‌లో వరుసలో పదిమంది ఉండగా కౌంటర్ దగ్గరి అబ్బాయి "హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఎవరిదన్నా?" అని గట్టిగా అడిగాడు. చేయి ఎత్తాలో వద్దో తెలియక నిలబడిపోయాను. పక్కనున్న పెద్దాయన కొంచెం జరిగాడు. ఆ ల్యాబ్‌కు మళ్లీ పోలేదు. ఎంత కచ్చితమైన మిషన్ పెట్టినా, రిపోర్టు కవర్‌లో పెట్టి చేతికివ్వడం తెలియని చోటు నాకు వద్దు.

హెచ్‌బీఎస్‌ఏజీ ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు. ఆరు నెలలు దాటినా అది పోకపోతేనే దీర్ఘకాలికం అంటారు. పెద్దవాళ్లకు కొత్తగా సోకితే చాలామందికి దానంతటదే పోతుంది. పుట్టుకతో సోకిన పసిపిల్లల్లో మాత్రం ఎక్కువ మందికి ఉండిపోతుంది. అందుకే మొదట్లో యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం అని ఒకటి చేశారు, ఇది కొత్తగా వచ్చిందా అని చూడటానికి. నాకు నెగెటివ్, అంటే ఎప్పటినుంచో ఉన్నదే. వైరస్ జోరుగా పెరుగుతోందా అని చూసే హెచ్‌బీఈఏజీ కూడా నెగెటివ్. ఆరు నెలల తర్వాత మళ్లీ చేస్తే హెచ్‌బీఎస్‌ఏజీ అలాగే ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఎల్‌ఎఫ్‌టీ, అంటే కాలేయ పనితీరు పరీక్ష దగ్గర. ఆ పరీక్షను తప్పుపట్టడం లేదు, మనం దాన్ని అర్థం చేసుకునే తీరు తప్పు. ఎస్‌జీపీటీ అన్నది కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్. వైరస్ ఉందా లేదా అన్నది అది చెప్పదు. నా ఎస్‌జీపీటీ తొమ్మిదేళ్లుగా ఇరవై నాలుగు, ఇరవై ఏడు మధ్యే తిరుగుతోంది, వైరస్ మాత్రం లోపలే ఉంది. మా మార్కెట్‌లో చాలామంది ఫుల్ బాడీ చెకప్ చేయించుకుని "నా లివర్ బాగుంది" అంటారు. ఆ ప్యాకేజీ కాగితం తీసి చూస్తే హెచ్‌బీఎస్‌ఏజీ అన్న పేరే చాలాసార్లు ఉండదు. విడిగా అడిగి చేయించుకోవాలి.

ఇక వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష. ఖరీదైనది ఇదే. మొదటిసారి నాలుగు వేల ఐదు వందలు పెట్టాను. కానీ నా మట్టుకు అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే. మొదటిసారి 640 వచ్చింది. రెండు వేల లోపు ఉండి, ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి, కాలేయం గట్టిపడకుండా ఉంటే మందు అవసరం లేదు, కానీ చూసుకుంటూ ఉండాలి అన్నారు. ఆ రెండు వేలు అన్న మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది.

2018లో ల్యాబ్ మార్చాను. రాత్రి తొమ్మిదింటికి రిపోర్టు ఫోన్‌కు వచ్చింది: 3,600. నా భార్య వంటింట్లోంచి "ఏమొచ్చింది?" అని అడిగితే మాట రాలేదు. పాత కాగితం తీసి ఫోన్ పక్కన పెట్టి చూస్తున్నాను. 640, 3,600. ఆ రాత్రంతా పైకప్పు చూస్తూనే ఉన్నాను. పొద్దున హన్మకొండలో డాక్టరు గారి ముందు రెండూ పెడితే ఆయన పెన్ను తీసి అంకె జోలికి పోకుండా దాని పక్కనున్న చిన్న అక్షరాల చుట్టూ సున్నా చుట్టారు. పాతదాంట్లో కొలత ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), కొత్తదాంట్లో కాపీలు. ఒక ఐయూ అంటే సుమారు ఐదారు కాపీలు. రెండు రిపోర్టులూ ఒకే మాట చెబుతున్నాయి. రోజంతా క్వింటాళ్లు, కిలోలు రాసే నేను ఆ కొలత చూడలేదు. అప్పట్నుంచి ఒకే ల్యాబ్‌కు పోతున్నా. తేదీ, ల్యాబ్ పేరు, అంకె, కొలత నాలుగూ ఒక పొడుగు చిట్టాలో రాసుకుంటున్నా. ఒక్క రిపోర్టు కంటే ఆ వరుస చూసినప్పుడే డాక్టర్లకైనా నాకైనా విషయం తెలుస్తుంది.

కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, పక్కటెముకల మధ్య చిన్నగా తట్టినట్టుంటుంది, నొప్పి లేదు. నాది 5.2 వచ్చింది, అంటే గట్టిపడలేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. నాకు పాజిటివ్ అని తెలిసిన రోజు నుంచి మా అమ్మ నాకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది. కోపంతో కాదు, భయంతో. ఇది కంచంలో, చేతుల్లో, పక్కన కూర్చుంటే అంటేది కాదు. రక్తం ద్వారా, లైంగికంగా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, ఒకరు వాడిన సూదులు, బ్లేడ్ల ద్వారా వస్తుంది. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది, అందుకే నా రేజర్, నా బ్రష్ వేరు. ఇదంతా అమ్మకు చెప్పినా కంచం మారలేదు. నాలుగు నెలల తర్వాత ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాను. అమ్మకు పాజిటివ్. బహుశా నేను పుట్టినప్పుడే అక్కడి నుంచి నాకు వచ్చిందేమో. ఆ సాయంత్రం అమ్మ ఏమీ అనలేదు, కంచాలన్నీ కలిపి తోమి ఒకే గూట్లో బోర్లించింది.

అమ్మ ఫైబ్రోస్కాన్ 11 దాటింది, అంటే కాలేయం గట్టిపడింది. వైరల్ లోడ్ కూడా ఎక్కువే. వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి మొదలుపెట్టారు. ఏడాదిలో వైరస్ లెక్కకు దొరకనంత తగ్గింది. మాత్ర మాత్రం ఆపకూడదు, ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష కూడా చేస్తున్నారు, కాలేయ క్యాన్సర్ మొదట్లోనే పట్టుకోవడానికి. 2018 జూలై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద పరీక్షలు, మందులు ఉచితం. ఇప్పుడు అమ్మ మాత్రలు అక్కడివే. లైన్‌లో నిలబడాలి, ఒక పూట పోతుంది, అయినా నెలనెలా మందుల ఖర్చు లేకపోవడం మాలాంటి ఇంటికి చిన్న విషయం కాదు.

నా భార్యకు నెగెటివ్. సున్నా, ఒకటి, ఆరు నెలలకు మూడు టీకాలు వేయించాం. నెలన్నర తర్వాత టీకా పట్టిందా అని చూసే యాంటీ హెచ్‌బీఎస్ చేయిస్తే 186. పది దాటితే రక్షణ ఉన్నట్టే. ఇంట్లో పాజిటివ్ ఉన్నవాళ్లు ఈ చివరి పరీక్ష వదలొద్దు. టీకా వేసుకున్నాం అనుకోవడం వేరు, పట్టిందని తెలియడం వేరు. ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వస్తే మామూలు జనానికి అందేది కాదు. 1997లో మన హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తయారు చేశాకే ధర దిగొచ్చింది. 2019లో పుట్టిన మా పాపకు ఆస్పత్రిలోనే 24 గంటల్లోపు మొదటి డోసు పడింది.

మా అక్క కొడుకుకు మొన్న వానాకాలంలో కళ్లు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ పద్నాలుగు వందలు. ఊళ్లో పసరు మందుకు తీసుకుపోదాం అన్నారు. ముందు పరీక్ష చేయిద్దామని పట్టుబట్టాను. యాంటీ హెచ్‌ఏవీ ఐజీఎం పాజిటివ్, అంటే నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ. అది చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరు తాగినా తగ్గేది, తాగకపోయినా తగ్గింది. కామెర్లు అని మనం ఒకే పేరు పెట్టినదాని వెనక ఎ, బి, సి, ఇ ఏదైనా ఉండొచ్చు. గర్భిణికి ఇ అయితే ప్రాణం మీదికి వస్తుంది. సి అయితే మూడు నెలల మాత్రలతో నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమవుతుంది, కానీ ముందు వైరస్ ఇంకా ఉందా అన్నది ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో తేల్చుకోవాలి. యాంటీ హెచ్‌సీవీ అనే యాంటీబాడీ పరీక్ష నయమైనవాళ్లకూ పాజిటివ్‌గానే ఉంటుంది. ఏ వైరసో పసరు పోసేవాళ్లకు తెలియదు, రక్తపరీక్షకు తెలుస్తుంది.

నా మటుకు కల్లు, మందు రెండూ మానేశాను. దావత్‌లో అడిగినవాళ్లకు కారణం చెప్పేస్తాను, దాచను. అలా చెప్పడం వల్లే మా దుకాణంలో హమాలీ ఒకతను మొన్న పక్కకు పిలిచి, వాళ్ల అన్న లివర్ జబ్బుతో పోయాడని, తనకూ చూపించుకోవాలని ఉందని చెప్పాడు. సోమవారం పొద్దున యార్డులో కాంటాలు మొదలవకముందే ఇద్దరం కలిసి ల్యాబ్‌కు పోతున్నాం. నాది పద్దెనిమిదోది, అతనిది మొదటిది.