కమలా పాకం కేకుకి చిరోటి రవ్వ పనికొస్తుందా?

బెంగళూరులో ఏ కిరాణా కొట్టుకెళ్ళి సన్న రవ్వ అడిగినా చేతిలో పెట్టేది చిరోటి రవ్వే. అరబ్బుల బస్బూసా, టర్కీ వాళ్ళ రేవనీ లాంటి, రవ్వతో చేసే పాకం కేకుల తయారీలో చాలాచోట్ల "సన్న సెమోలినా", అంటే సన్న గోధుమ రవ్వ, అనే రాసి ఉంటుంది. దాంతో నేరుగా చిరోటి రవ్వే తెచ్చేస్తారు, కేకు కాస్తా రవ్వకేసరి ముద్దలా దిగగానే తప్పు ఓవెన్ మీదికో పాకం మీదికో తోసేస్తారు. పాపం, వాటి తప్పేమీ లేదు. చిరోటి రవ్వ మేలైన సరుకే, కాని గుడ్డు లేని పాకం కేకుకి ఒంటరిగా పనికిరాదు. రెండు పాళ్ళ బొంబాయి రవ్వకి ఒక పాలు చిరోటి రవ్వ కలిపితే మాత్రం బయట డబ్బు పోసినా దొరకనంత మంచి కేకు ఇంట్లోనే వస్తుంది.

ఎందుకంటే ఈ రవ్వ పుట్టిందే వేరే పనికి. చిరోటి అనే పొరల మిఠాయికి, ఒబ్బట్టు అంటే మన బొబ్బట్ల పైపిండికి కన్నడిగులు వాడేది ఇది. ఆ పిండి నీళ్ళు చప్పున పీల్చుకోవాలి, చేతికి సాగాలి, పూర్ణం మీద పల్చగా పరుచుకోవాలి. అక్కడ గొప్ప గుణమైన ఆ పీల్చుకోవడమే ఇక్కడ దోషం. కేకు కాలకముందే పెరుగులో తడినంతా రవ్వ తాగేస్తే, తీరా పాకం పోసేసరికి దానికి దాహం ఉండదు. పాకం పైన మడుగు కడుతుంది, అడుగు ముద్దవుతుంది.

కావాలంటే రెండు చిన్న గిన్నెల్లో చూడండి. ఒకదాంట్లో చెంచా చిరోటి రవ్వ, ఇంకోదాంట్లో చెంచా బొంబాయి రవ్వ వేసి, రెంటిలోనూ చెంచా నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలేయండి. చిరోటి గిన్నెని వంచితే ముద్ద కదలదు, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. బొంబాయి గిన్నెలో గింజ గింజ విడిగా కనిపిస్తుంది, వంచితే జారుతుంది. కేకులో జరిగేది కూడా ఇదే.

కొట్లో పేర్ల దగ్గర కొంచెం జాగ్రత్త. ఇక్కడ ఉప్పిట్టు రవె అంటే మన బొంబాయి రవ్వ. ఇడ్లీ రవె బియ్యంది, దాని జోలికే పోవద్దు. బన్సి రవె ముతకగా, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. అది డ్యూరమ్ జాతి గోధుమది, మధ్యధరా దేశాల్లో సెమోలినా తీసేదీ ఆ జాతి గోధుమ నుంచే. రుచికి బన్సిదే పైచేయి. కాకపోతే గింజ పెద్దది కాబట్టి మిక్సీలో రెండు మూడుసార్లు తిప్పి ఆపి, బొంబాయి రవ్వ సైజుకి తెచ్చుకోవాలి. వేయించిన రవ్వ ప్యాకెట్లు ఉప్మాకి బాగుంటాయి గాని ఈ కేకులో పలుకులు పలుకులుగా పంటికి తగులుతాయి.

మంచి చిరోటి రవ్వని వేళ్ళతోనే పట్టొచ్చు. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. సన్నగా గరగరలాడాలి. మైదాలా జారిపోయి వేళ్ళకి తెల్లగా అంటుకుందంటే పొడి ఎక్కువ కలిసినట్టు, అది కేకుని ఇంకా బిగదీస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి గోధుమ వాసనే రావాలి. చేదు వాసనో ముక్కిన వాసనో వస్తే కమలా తొక్క వేసినా దాన్ని దాచలేదు. విడిగా తూకానికి అమ్మేచోట ఈ పరీక్ష చేయనిస్తారు. ప్యాకెట్టయితే తయారీ తేదీ చూడటం తప్ప దారి లేదు, రెండు నెలలు దాటినది ఈ కేకుకి వద్దు.

ఇక కొలతలు. 20 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం ట్రేకి ఇవి సరిపోతాయి: 170 గ్రాముల బొంబాయి రవ్వ, 80 గ్రాముల చిరోటి రవ్వ, 120 గ్రాముల పంచదార, 200 గ్రాముల గట్టి పెరుగు, ఉప్పులేని వెన్న 100 గ్రాములు, కమలా రసం 60 మిల్లీలీటర్లు, రెండు పండ్ల తొక్క తురుము, చెంచాన్నర బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు. వెన్న బదులు నెయ్యి వేస్తే 85 గ్రాములు చాలు, వెన్నలో నీళ్ళుంటాయి, నెయ్యిలో ఉండవు. ప్యాకెట్ పెరుగు పల్చగా ఉంటే గుడ్డలో వేసి 20 నిమిషాలు వేలాడదీసి, దిగిన నీళ్ళు పోయాక తూచుకోండి.

కలిపే వరస చాలా ముఖ్యం. ముందుగా పంచదారలో తొక్క తురుము వేసి, పంచదార తడిసి లేత పసుపెక్కేదాకా వేళ్ళతో నలపాలి. తొక్కలో నూనె ఇలా బయటికొచ్చినంతగా గరిటెతో కలిపితే రాదు. తర్వాత రెండు రవ్వల్లో కరిగించిన వెన్న పోసి, అరచేతుల మధ్య రుద్దుతూ ప్రతి గింజకీ పట్టించండి. వెన్న పూత పడిన గింజ తడిని నెమ్మదిగా పీలుస్తుంది, కేకు పొడిపొడిగా విడుతుంది. ఈ పని దాటేసి అన్నీ ఒకేసారి గిన్నెలో పడేస్తే చిరోటి భాగం పెరుగుని ముందే తాగి కూర్చుంటుంది. ఇప్పుడు పంచదార, పెరుగు, రసం వేసి కలిపి 15 నిమిషాలు పక్కన పెట్టండి. బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు ఆఖర్న, ట్రేలో పోయబోయే ముందు. పది తిప్పులు చాలు, ఆపైన గిలక్కొడితే బిగుస్తుంది. గంటసేపు నానబెట్టిన పిండి గట్టిపడుతుంది, అప్పుడు పాలు పోసి సరిచేయబోతే అడుగు పచ్చిగా ఉండిపోతుంది.

ట్రేకి వెన్న రాసి, పిండి పరిచి, తడి కత్తితో వజ్రం ఆకారంలో గాట్లు పెట్టి ఒక్కో ముక్క మీద బాదం పలుకు నొక్కండి. ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) కింది కడ్డీ, పై కడ్డీ రెండూ వేసి 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముందు వేడి చేయాలి. 30 నుంచి 35 నిమిషాల్లో అంచులు ముదురు బంగారు రంగుకి వచ్చి ట్రే గోడని వదులుతాయి. 20వ నిమిషంలో ఒకసారి తీసి గాట్ల మీద మళ్ళీ కత్తి నడపండి, లేకపోతే పూడుకుపోతాయి, పాకానికి దారి ఉండదు. చిన్న ఓటీజీల్లో పై కడ్డీ మరీ దగ్గర. పైన తొందరగా ఎర్రబడుతుంటే ట్రేని ఒక మెట్టు దించి, పైన ఫాయిల్ వదులుగా కప్పండి. లేత పసుపులో ఉండగా తీసిన కేకు పాకం పోయగానే చితికిపోతుంది. రంగు వచ్చేదాకా ఆగాల్సిందే.

పాకం సంగతి బెంగళూరులో వేరు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. చెన్నైలోనో నెల్లూరులోనో థర్మామీటర్ చూసి 103, 104 డిగ్రీల దగ్గర దించే పాకం ఇక్కడ 100, 101 దగ్గరే తయారై ఉంటుంది. వాళ్ళు చెప్పిన అంకె కోసం ఎదురుచూస్తే పాకం ముదిరిపోతుంది. అందుకే థర్మామీటర్ కన్నా వంటింటి తూకం మేలు. గిన్నె ఖాళీ బరువు రాసి పెట్టుకుని, 250 గ్రాముల పంచదార, 210 మిల్లీలీటర్ల నీళ్ళు, చెంచా నిమ్మరసం పోసి మరిగించండి. గిన్నె బరువు తీసేస్తే పాకం 400 గ్రాములు తూగాలి, అక్కడ ఆపేయండి. వేళ్ళ మధ్య జిగటగా ఉంటుంది గాని తీగ సాగదు. గులాబ్ జామూన్ పాకం ఎరిగిన చేతికి ఇది కొత్త కాదు. తీగ పాకం వచ్చిందంటే కేకులోకి దిగదు, చల్లారాక పైన తెల్లటి పంచదార పొర పేరుకుంటుంది. నిమ్మరసం మానేసినా అదే గతి, పులుపు పంచదారని మళ్ళీ పలుకు కట్టనివ్వదు.

పొయ్యి ఆపాక వెడల్పాటి కమలా తొక్క ముక్కలు రెండు పాకంలో వేసి మూత పెట్టి, పది నిమిషాలాగి తీసేయండి. మరిగేటప్పుడు వేస్తే వాసనంతా ఆవిరిలో పోతుంది. కేకు, పాకం రెంటిలో ఏదో ఒకటి వేడిగా ఉండాలి. ఓవెన్ నుంచి తీసిన కేకు మీద చల్లారిన పాకం పోయడమే తేలిక. మొదటి గరిటె పడగానే చుయ్యిమని గాట్ల వెంట బుడగలు లేస్తాయి, అంచుల్లో పాకం కళ్ళముందే లోపలికి ఇంకిపోతుంది. మూడు విడతలుగా, విడతకీ విడతకీ రెండు నిమిషాలాగి పోయండి. చప్పుడే లేదంటే కేకు చల్లారిపోయిందని అర్థం. అప్పుడు పాకాన్నే వేడి చేయండి. పోశాక నాలుగు గంటలు ముట్టకూడదు. వేడి మీద కోస్తే ముక్క విరిగి పొడవుతుంది, రుచి కూడా ఇంకా కలిసి ఉండదు.

పండు ఎంపిక మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. వాసనంతా తొక్కలో ఉంటుంది, రసంలో కాదు. నాగపూర్ కమలా తొక్క వదులుగా ఉండి తురుముకి ముడుచుకుపోతుంది, చేతివేళ్ళు గీసుకుంటాయి. చలికాలంలో దొరికే కొడగు కమలా తొక్క బిగువుగా ఉంటుంది, ఆకుపచ్చ కలిసిన పసుపులో కంటికి అంతగా ఆనదు గాని వాసన గాఢం. హాప్‌కామ్స్ (ఇక్కడి రైతుల సహకార సంఘం) పండ్ల కొట్లలో కనిపిస్తే వదలొద్దు. పంజాబ్ కిన్నో కమలా తొక్క కూడా బాగా తురుముకి వస్తుంది, దాని రసం మాత్రం పిండిన వెంటనే వాడేయాలి. నిలవుంటే చేదెక్కుతుంది. బత్తాయి రసం అప్పటికప్పుడు తాగేయమనేదీ అందుకే. ఈ రెండు రసాలూ పాకంలో పోసి మరిగించొద్దు. దిగుమతి పండ్ల మీద మైనం పూత ఉంటుంది, వేడినీళ్ళలో బ్రష్‌తో కడిగి తుడవాలి. తురిమేటప్పుడు రంగు పొర దాటి కింద తెల్లటి భాగం తగలగానే పండు తిప్పేయండి, కేకులో చేదుకి సగం కారణం అదే. మన చిన్న నిమ్మకాయ తొక్క పల్చన, మూడు కాయలు తురిమితే గాని చెంచా రాదు. దానికన్నా దబ్బకాయ నయం, ఇక్కడ హేరళెకాయి అని అడగాలి. తొక్క మందం, నూనె ఎక్కువ. పాకానికి ఒక్క వెడల్పాటి ముక్క చాలు.

చిరోటి రవ్వ ఒక్కటీ వాడి తీరాలనుకునేవారికి గుడ్డుతో చేసే రేవనీయే సరైన దారి. మూడు గుడ్లు, 120 గ్రాముల పంచదార కలిపి తెల్లగా పొంగేదాకా ఆరేడు నిమిషాలు గిలకొట్టి, 120 గ్రాముల పెరుగు, 80 మిల్లీలీటర్ల నూనె, తొక్క తురుము కలిపి, 150 గ్రాముల చిరోటి రవ్వ, 80 గ్రాముల మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్ మెల్లగా మడవాలి. అదే ట్రే, అదే వేడి, 35 నిమిషాలు. ఇందులో గుడ్డు గాలిని పట్టి ఉంచుతుంది కాబట్టి రవ్వ సన్నగా ఉండటమే మంచిది, బొంబాయి రవ్వ అయితే అడుక్కి దిగిపోతుంది. పాకాన్ని 430 గ్రాముల దగ్గరే దించండి, స్పాంజి లాంటి కేకుకి కాస్త పల్చటిదే బాగా ఎక్కుతుంది.

చిరోటి రవ్వ ఒకేసారి కిలో తెచ్చుకోవద్దు. ఈ కేకుకి 80 గ్రాములే పడుతుంది, అరకిలో ప్యాకెట్టు ఆరుసార్లకి వస్తుంది. వానాకాలంలో పురుగు తొందరగా పడుతుంది, తెరిచాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వాడే ముందు మాత్రం గంటసేపు బయట ఉంచాలి. చల్లటి రవ్వ మీద పోసిన వెన్న గడ్డకట్టి గింజకి పట్టదు, ఉండలుగా మిగులుతుంది.