లామకాన్‌లో రెండు సాయంత్రాలు

కరీంనగర్ నుంచి నేనూ మా అమ్మాయీ రెండు రోజుల కోసం హైదరాబాదు వెళ్ళింది కేవలం చిత్రకళ చూడటానికే. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగు ఉపాధ్యాయుణ్ణి. అమ్మాయి ఇంటర్మీడియట్ ముగించి ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షకు తయారవుతోంది. జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, ఎంజీబీఎస్‌లో మెట్రో మారి లకడీకాపూల్ చేరుకున్నాము. బస విషయంలో మాత్రం తొందరపడ్డాను. ఫోనులో 1,400 రూపాయలన్న గదికి, సామాను దించాక రెండో మనిషి పేరుతో మరో 300 కలిపారు. వేడి నీళ్ళు ఉదయం గంటసేపే వస్తాయన్న సంగతి మరునాడు గాని తెలియలేదు. స్టేషను నడక దూరంలో ఉండటం ఒక్కటే ఆ లాడ్జిలో మాకు కలిసివచ్చింది.

మొదటి రోజు ఉదయం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాము. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించి వెళ్ళాలి. బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పం ముందు అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. మధ్యాహ్నం మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ చూశాము. విశాలమైన గదులు, మంచి వెలుతురు, పెద్ద కాన్వాసులను దూరం నుంచి చూడటానికి అనువైన చోటు.

సాయంత్రం బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక సందులోని లామకాన్‌కు వెళ్ళాము. పంజగుట్ట మెట్రో నుంచి ఆటోలో పది నిమిషాలు పట్టింది. గేటు దాటగానే అమ్మాయి ఆగి, “నాన్నా, టికెట్టు ఎక్కడ తీసుకోవాలి?” అని అడిగింది. లోపలికి రావడానికి టికెట్టు లేదు. కొన్ని ప్రదర్శనలకు మాత్రమే, అదీ తక్కువ ధరకు, ఉంటుంది. డాక్యుమెంటరీ చిత్రాలు తీసిన మొయీద్ హసన్ గారి ఇల్లు అది. ఆయన తదనంతరం కుటుంబ సభ్యులు 2010లో దానిని లాభాపేక్ష లేని సాంస్కృతిక వేదికగా అందరికీ తెరిచారు. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ఆ పేరుకు నెలవు లేనిది, ఇల్లు లేనిది అని అర్థం. రాతి కట్టడాన్ని ఆనుకుని బంజారాహిల్స్ పాత బండరాళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. ఒక మూల కొందరు యువకులు దక్కనీ యాసలో నాటకం సంభాషణలు వల్లె వేస్తుండగా, మరో మూల ఇద్దరు పెద్దవాళ్ళు ఇరానీ చాయ్ తాగుతూ ఏదో ఉర్దూ కవిత గురించి వాదించుకుంటున్నారు.

ఆ రోజు గోడ వెంట కొన్ని లినో ముద్రణలు, అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసినవి, వేలాడదీసి ఉన్నాయి. వాటిని వేసిన కుర్రాడు పక్కనే కూర్చుని పని చేస్తున్నాడు. మా అమ్మాయి చేతిలోని స్కెచ్ పుస్తకం చూసి, “రా చెల్లె, నువ్వు ముద్ర తీస్తావా?” అని పిలిచాడు. ఉలి నెట్టే దారిలో రెండో చెయ్యి ఎప్పుడూ ఉండకూడదని ముందుగా చెప్పాడు. చెక్కిన పలక మీద రోలరుతో నల్ల సిరా పలచగా, జిగురు చప్పుడు వచ్చేదాకా పట్టించి, పైన కాగితం పరిచి, క్యాంటీను చెంచా వీపుతో మధ్య నుంచి అంచులకు గుండ్రంగా రుద్దమన్నాడు. కాగితం ఒక మూల ఎత్తి చూసినప్పుడు చెట్టు కొమ్మ తిరగబడి కనిపించగా, అమ్మాయి ఊపిరి బిగపట్టి చూసింది. పద్దెనిమిదేళ్ళుగా నల్లబల్ల మీద ముద్రణ గురించి చెబుతున్న నేను, పిల్లల చేతికి ఒక్కసారైనా చెంచా ఇవ్వనందుకు అక్కడే బాధపడ్డాను.

మా ఉమ్మడి జిల్లాలోని బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి ఎచింగులతో (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసే ముద్రణలతో) పేరు పొందిన లక్ష్మా గౌడ్, ఇద్దరూ బరోడా దాకా వెళ్ళి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవారే. పల్లె పిల్లలకు కళ కళ్ళెదుట తయారవుతూ కనిపించడం ఎంత అవసరమో వారి ప్రయాణమే చెబుతుంది. మ్యూజియం పూర్తయిన పనిని భద్రపరుస్తుంది, గ్యాలరీ దానిని గౌరవంగా చూపిస్తుంది. పని జరుగుతున్న చోట ఎవరైనా పక్కన కూర్చునే వీలును మాత్రం మాకు లామకాన్ ప్రాంగణమే ఇచ్చింది. చాయ్ కొన్నా కొనకపోయినా మమ్మల్ని ఎవరూ లేవమనలేదు. ఇలాంటి చోట్లు క్యాంటీను రాబడి మీదా విరాళాల మీదా నిలబడతాయి కాబట్టి, వెళ్ళినవారు విరాళాల పెట్టె దాటి రాకూడదని నా మనవి.

రెండో ఉదయం రాజ్‌భవన్ వెనుక ఎం.ఎస్. మక్తా బస్తీలో తిరిగాము. వీధి గోడల మీద చిత్రాలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ 2016లో అక్కడి ఇళ్ళ గోడలను చిత్రాలతో నింపింది. కొన్ని వెలిసిపోయాయి, కొన్నింటి మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక పెద్దమ్మ మమ్మల్ని పిలిచి, తన ఇంటి గోడ మీద బొమ్మ వేసిన రోజుల్లో తాను చిత్రకారులకు నీళ్ళు, చాయ్ ఇచ్చిన సంగతి చెప్పింది. అక్కడ ఇళ్ళ ఫొటోలు తీసే ముందు అడగడం మర్యాద.

సాయంత్రం మళ్ళీ లామకాన్‌లోనే గడిపి, రాత్రి బస్సు ఎక్కాము. నూనె సిరా ఇంకా ఆరలేదు కాబట్టి అమ్మాయి ఆ ముద్రణను అట్ట మీద క్లిప్పు పెట్టి, కరీంనగర్ వచ్చేదాకా ఒళ్ళో పట్టుకునే కూర్చుంది. పిల్లలు తమ చేతులతో ముద్రణలు తీయడానికి శనివారం సాయంత్రాలు బడి వరండా తెరిచి ఉంచేందుకు మా ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. చెంచాలు మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఇస్తానన్నది.